సిమెంటు పలకల మీద పాయింట్ గార్డులు

సార్వా (వానాకాలం వరి) కోతలు అయ్యాయంటే మా వైపు కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు కొన్నాళ్లు ఆటకి దొరికేది కాదు. అంత చదునైన సిమెంటు నేల చుట్టుపక్కల ఇంకెక్కడుంటుంది? ధాన్యం తెచ్చి ఆరబోసేసేవారు. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు మళ్లీ అదే. బస్తాలు ఎత్తేశాక మిగిలిన నూగూ తాలూ కొబ్బరీనెల చీపురుతో ఊడ్చి, బకెట్లతో నీళ్లు కొట్టి, ఆరనిచ్చాకే బూటు నిలిచేది. తొందరపడి ఆ నూగు మీద పరుగెత్తి ఆగబోయినవాడు మోకాలి మీది తోలు కోర్టుకి ఇచ్చి వచ్చేవాడు.

భీమవరం నుంచి కాకినాడ దాకా, అమలాపురం నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఎనభైల్లో తొంభైల్లో ఆడినవాళ్లు ఆ కోర్టుల్ని మర్చిపోలేరు. పెద్ద పెద్ద సిమెంటు పలకలు, వాటి మధ్య అతుకుల్లో తారు. గోదావరి డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. అంచేత పక్కపక్కనున్న రెండు పలకలు ఒకే మట్టాన ఉండటం అరుదు. ఇనప స్తంభాలకి చెక్క బోర్డు, ఉప్పుగాలికి తుప్పుపట్టిన రింగు. నెట్టు చిరిగిపోతే, సముద్రానికి దగ్గర ఊళ్లలో, నైలాను వల ముక్క తెచ్చి కట్టేసేవారు. అలాంటిచోట గొప్ప షూటర్లు తయారవడం కష్టం. బంతి ముందుకి తీసుకెళ్లి జట్టుని ఆడించే పాయింట్ గార్డులు మాత్రం తయారయ్యేవారు. అందులో సగం పుణ్యం ఆ నేలది, మిగతా సగం డ్రిల్లు మాస్టర్లది.

జట్టులో అందరికన్నా పొట్టివాడికి బంతిచ్చి "నువ్వు తీసుకెళ్లరా" అనడం అప్పటి ఆనవాయితీ. పొడుగువాళ్లు రింగు కింద, పొట్టివాడు పైన. ఇది సగమే సరైన పద్ధతి. 2.06 మీటర్ల మ్యాజిక్ జాన్సన్ ఆడిందీ ఆ స్థానంలోనే, 1.60 మీటర్ల మగ్సీ బోగ్స్ అమెరికా లీగు ఎన్‌బీఏలో 14 సీజన్లు నిలబడిందీ ఆ స్థానంలోనే. అనుభవమున్న మాస్టారు ఎత్తు చూసేవారు కాదు. కొత్త కుర్రాళ్లకి తలో నిమిషం బంతిచ్చి కోర్టు ఆ చివరిదాకా వెళ్లి రమ్మనేవారు. దాదాపు అందరూ బంతినే చూసుకుంటూ వెళ్లేవారు. మధ్యలో రెండుసార్లు తలెత్తి ఎవరెక్కడున్నారో చూసినవాడు, బంతి కాలికి తగిలి పోగొట్టుకున్నా సరే, మర్నాటి నుంచి గార్డుల వరసలో ఉండేవాడు. చేతులకి పని ఎప్పుడైనా నేర్పొచ్చు. చూపు తిప్పడం అలవాటు లేనివాడికి ఆ అలవాటు చెయ్యడమే బహు కష్టం.

బంతి గురించి రెండు మాటలు చెప్పాలి. ఎందుకంటే సగం తప్పుడు అలవాట్లు బంతి వల్లే వచ్చేవి. ఇరవై మందికి ఒకటో రెండో రబ్బరు బంతులు. అప్పటి లెక్కలో ఏడో నంబరు బంతి చుట్టుకొలత 75 నుంచి 78 సెంటీమీటర్లు, బరువు 567 నుంచి 650 గ్రాములు. అప్పట్లో అమ్మాయిలకీ అదే ఇచ్చేవారు. 510 నుంచి 567 గ్రాముల ఆరో నంబరు తర్వాతెప్పుడో వచ్చింది. పన్నెండేళ్లలోపు పిల్లలకైతే ఐదో నంబరే ఇవ్వాలి. చిన్న చేతికి పెద్ద బంతి ఇస్తే వాడు అరచేత్తో కొట్టడం మొదలెడతాడు, ఆ అలవాటు తర్వాత వదలదు. గాలి సైకిల్ షాపులో కొట్టించేవాళ్లం కాబట్టి ఎప్పుడూ ఎక్కువే ఉండేది. పరీక్ష సులువు: బంతి అడుగుభాగం నేలకి 1.80 మీటర్ల ఎత్తులో ఉండేలా పట్టుకుని వదిలితే, లేచినప్పుడు బంతి పైభాగం 1.20కి తగ్గకుండా, 1.40కి మించకుండా రావాలి. అంతకన్నా లేచే బంతితో సిమెంటు మీద నేర్చుకున్నవాడికి బంతి ఎప్పుడూ నడుము పైనే ఉంటుంది. మే నెల ఎండలో పెట్టిన బంతి లోపల గాలి వ్యాకోచించి ఇంకా గట్టిపడుతుంది, అందుకని సాయంత్రం నీడలో చూసుకోవాలి. సూది తడి చెయ్యకుండా గుచ్చితే వాల్వు రబ్బరు చిరుగుతుంది. మా వైపు బంతులు ఎక్కువ చచ్చింది అలాగే.

ఇక డ్రిబుల్, అంటే బంతిని నేలకి కొట్టుకుంటూ పోవడం. బంతి అరచేతి గుంటకి తగలకూడదు. వేళ్ల చివర్లలో ఉన్న మెత్తటి కండ, వేళ్ల మొదళ్ల దగ్గరి కండ, అంతవరకే తగలాలి. అరచేత్తో కొడితే టప్పుమని చప్పుడొస్తుంది. మాస్టారు అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నా ఆ చప్పుడు విని "ఎవడ్రా అది" అనేవారు. మోచేతి నుంచి కదిలి మణికట్టుతో ముగించాలి, చివర్న వేళ్లు కిందకి చూడాలి. ఎవరూ మీద లేనప్పుడు నడుము ఎత్తు చాలు. మనిషి మీదికొస్తే మోకాలి కిందకి దించాలి. దానికి కారణం ఉంది: ఎదుటివాడు బంతి కాజేసేది అది చేతిలో ఉన్నప్పుడు కాదు, చేతికీ నేలకీ మధ్య ఉన్నప్పుడు. ఆ దూరం తగ్గితే వాడికి దొరికే సమయమూ తగ్గుతుంది. బంతి పాదానికి ముందు కాదు, పక్కన, కాస్త బయటికి పడాలి. మోకాళ్లు వంగాలి గానీ నడుం వంగకూడదు. నడుం వంగితే తల కిందకి పోతుంది, తల పోతే చూపు పోతుంది. రెండో చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు, దాంతో తోస్తే ఫౌలు.

అతుకుల కోర్టు ఇక్కడ పనికొచ్చేది. బంతి తారు గీత మీద పడితే ఎటో అటు వంకరపోతుంది. చూస్తూ కొట్టినా అది కంటికి కనపడి చెయ్యి కదిలేలోపు పోయేదే. అందుకని వేళ్లు బాగా విప్పి, ఎటు వస్తే అటు అందుకోవడం చేతికే రావాలి. మంచి మాస్టర్లు పిల్లల్ని కావాలనే అతుకు పక్కన నిలబెట్టేవారు. కుడి చేత్తో 30 సెకన్లు, ఎడమ చేత్తో 30, ముందు నుంచి కింద కిందగా ఈ చేతి నుంచి ఆ చేతికి 30, కాళ్ల మధ్య ఎనిమిది అంకె తిప్పుతూ 30, వీపు వెనక 30. ఇది ఒక వరస. మధ్యలో ఆగకుండా అలాంటివి నాలుగు. మాస్టారు కోర్టు మధ్యనుండే సగం గీత మీద నిలబడి వేళ్లు చూపిస్తూ ఉంటే అందరూ ఆ అంకె గట్టిగా చెప్పాలి. ఒక్కడు తప్పు చెప్పినా వరస మొదటికొచ్చేది. ఈ ఒక్క పద్ధతి ఇప్పుడు వీడియోల్లో చూపించే వంద విన్యాసాలతో సమానమని నా అభిప్రాయం. ఆ విన్యాసాలు చేసేవాడు చూసుకునేది తన బంతినే.

తర్వాతి మెట్టు టెన్నిస్ బంతి. క్రికెట్ పుణ్యమా అని ఏ ఇంట్లో అయినా దొరికేది. ఒక చేత్తో డ్రిబుల్ చేస్తూ రెండో చేత్తో టెన్నిస్ బంతిని కళ్ల ఎత్తుకి ఎగరేసి పట్టుకోవాలి. కళ్లు టెన్నిస్ బంతిని వదలవు కాబట్టి పెద్ద బంతిని చెయ్యే చూసుకోవాలి. ఎన్‌బీఏ గార్డు స్టీవ్ నాష్ కాలిఫోర్నియాలోని శాంటా క్లారా యూనివర్సిటీలో చదివే రోజుల్లో టెన్నిస్ బంతినే డ్రిబుల్ చేసుకుంటూ క్యాంపస్‌లో తిరిగేవాడని చెబుతారు. దాని లాభం వేరు: చిన్న బంతి వేళ్ల చివర్లకే అందుతుంది, అరచేత్తో కొట్టడం కుదరదు.

ఎడమ చెయ్యి మీద మొండిగా పని చెయ్యాలి. కుడికి ఎంతసేపో ఎడమకి దానికి రెట్టింపు. కొన్నిచోట్ల కుడి చెయ్యి నిక్కరు జేబులో పెట్టించి మ్యాచే ఆడించేవారు. ఎడమ రానివాడు ఊళ్లో ఎంత మొనగాడైనా టోర్నమెంటులో రెండో మ్యాచికి దొరికిపోతాడు. ఎదుటి జట్టులో కాసేవాడు అరడుగు వాడి కుడివైపు జరిగి నిలబడితే చాలు, ఎడమకి తిరగక తప్పదు. తిరిగితే బంతి వాడి కాలికే తగులుతుంది. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు మ్యాచికి వెళ్తుంటే దారంతా ఇవే మాటలు: వాళ్ల గార్డుకి ఎడమ ఉందా, అలిస్తే బంతి ఎవరికిస్తాడు, ఫౌలైతే కోపం వస్తుందా. ఎదుటి గార్డు గురించి ఈ మూడూ తెలుసుకుంటే సగం మ్యాచి పంటు మీదే ఆడేసినట్టు.

వేగం విషయంలో పెద్ద అపోహ ఉంది. గంటకొట్టినట్టు ఒకే వేగంతో పరుగెత్తేవాడు ఎంత వేగంగా పరుగెత్తినా, రెండోసారికి ఎదుటివాడు ఆ వేగానికి అలవాటు పడిపోతాడు. గార్డుకి కావలసింది వేగం మార్చడం. కాలవ మీద లస్కరు తూము తలుపు ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకున్నట్టు, ఆట ఎంత పారాలో వాడే చూసుకోవాలి. మూడు వంతుల వేగంతో వచ్చి, ఎదుటివాడికి రెండు బారల దూరంలో భుజాలు కాస్త పైకెత్తి, ఆగబోతున్నట్టు ఒక్క డ్రిబుల్ ఎత్తుగా వెయ్యాలి. వాడి మడమలు నేలకి ఆనగానే భుజం దించి వాడి ముందుకాలి పక్క నుంచి పొడుగు అడుగు. ముందుకాలు ఉన్న వైపే ఎందుకంటే, అటు తిరగడానికి వాడు ఆ కాలు వెనక్కి లాగాలి, అంత సమయం మనకి మిగులుతుంది. ఖాళీ కోర్టులో పరుగెత్తేటప్పుడు బంతిని పక్కన కాకుండా ముందుకి నెట్టుకుంటూ పోవాలి. మన బేస్‌లైన్ (రింగు వెనకున్న చివరి గీత) నుంచి సగం గీతకి 14 మీటర్లు. బాగా వచ్చినవాడికి దానికి నాలుగు డ్రిబుల్స్ చాలు, రానివాడు ఎనిమిది కొడతాడు. డ్రిబుల్ పెరిగేకొద్దీ పరుగు తగ్గుతుంది.

పాసు దగ్గరికొస్తే మా వైపు పెద్దవాళ్లకి ఒక దేవుడున్నాడు, జాన్ స్టాక్టన్. తొంభైల్లో కేబుల్ వచ్చాక చూశారు. జోర్డాన్ పోస్టర్లు గోడలకి ఎక్కించుకున్న కుర్రాళ్లకి మాస్టర్లు స్టాక్టన్‌ని చూడమనేవారు. ఎత్తు 1.85 మీటర్లు, 19 సీజన్లూ యూటా జాజ్‌కే ఆడాడు, 15,806 అసిస్టులు (బుట్టలో పడ్డ షాట్లకి ఇచ్చిన పాసులు), 3,265 స్టీల్స్ (ఎదుటివాళ్ల దగ్గర కాజేసిన బంతులు). రెండు లెక్కలూ ఇప్పటికీ ఎన్‌బీఏలో అందరికన్నా పైనే ఉన్నాయి. ఎగరడం లేదు, విన్యాసం లేదు. చాలావరకు ఛాతీ పాసు, బౌన్స్ పాసు. ఆ మామూలు పాసులే పడాల్సిన క్షణానికి పడేవి.

బౌన్స్ పాసు లెక్క అందరికీ చెప్పేదే: మనకీ అందుకునేవాడికీ మధ్య దూరంలో మూడింట రెండొంతుల దగ్గర నేలకి తగలాలి. ఆరు మీటర్ల పాసైతే మన నుంచి నాలుగు మీటర్ల దగ్గర. సగంలో పడితే నెమ్మదిస్తుంది, ఎత్తుగా లేస్తుంది, మధ్యలో ఎవడో ఒకడు లాక్కుంటాడు. మరీ దగ్గర పడితే అందుకునేవాడి కాళ్ల మీదికి పోతుంది. ఇది పొడి నేల లెక్క. ధనుర్మాసంలో పొద్దున్నే మంచుకి తడిసిన సిమెంటు మీద బంతి లేవకుండా జారిపోతుంది. ధాన్యం నూగు మీదా అంతే. అలాంటి పొద్దుల్లో తెలివైన గార్డు నేల పాసు మానేసి ఛాతీ పాసు, తలపై పాసు వాడేవాడు. మ్యాచికి ముందు కోర్టంతా ఒకసారి డ్రిబుల్ చేసుకుంటూ తిరిగి, ఎక్కడ జారుతుందో ఏ అతుకు దగ్గర లేవదో చూసుకునేవాడు. బయటి ఊరు కోర్టుకి వెళ్తే ముందుగా చెయ్యాల్సిన పని అదే. షూటింగు తర్వాత.

పాసు మనిషి ఉన్నచోటికి కాదు, ఉండబోయే చోటికి. పరుగెత్తేవాడికి రెండడుగుల ముందు. నిలబడ్డవాడికి, వాణ్ణి కాసేవాడు ఏ వైపున్నాడో దానికి అవతలి చేతికి. రింగు కింద పొడుగువాడికి గడ్డం ఎత్తులో ఇవ్వాలి, నడుము కింద ఇస్తే వాడు వంగుతాడు, వంగితే చుట్టూ ఉన్న పొట్టివాళ్లందరికీ బంతి అందుతుంది. డ్రిబుల్ సరిగా రాని పొడుగువాడికి, ఎదుటివాళ్లు సర్దుకునేలోపు దూసుకెళ్లే ఫాస్ట్ బ్రేక్‌లో రింగుకి మూడు డ్రిబుల్స్ దూరంలో బంతి ఇస్తే ఆ తర్వాత జరిగే స్టెప్స్ తప్పు (బంతి పట్టుకుని అడుగులెక్కువ వెయ్యడం) వాడిది కాదు, ఇచ్చినవాడిదే. రిఫరీ విజిల్ మాత్రం వాడి మీదే పడుతుంది, పాపం.

తప్పులు ఎక్కువ పుట్టేది రెండుచోట్ల. ఒకటి, ఇవ్వబోయేవాడి వంకే చూస్తూ ఇవ్వడం. కంటి చివర్నుంచి చూడటం సాధనతోనే వస్తుంది: ముగ్గుర్ని అర్ధచంద్రాకారంగా నిలబెట్టి, మధ్యవాడి కళ్లలోకి చూస్తూ పక్కవాళ్లిద్దరికీ మార్చి మార్చి ఇవ్వాలి. రెండు, ఎవరికివ్వాలో తేల్చుకోకుండా గాల్లోకి ఎగరడం. ఎగిరాక దిగక తప్పదు. దిగేలోపు ఏదో ఒకటి చెయ్యాలి, ఆ ఏదో ఒకటి సాధారణంగా ఎదుటివాడి చేతిలో పడుతుంది. డ్రిబుల్ చేస్తూ చేస్తూనే ఒంటిచేత్తో పాసు తొయ్యడం నేర్చుకున్నవాడికి ఎగరాల్సిన అవసరమే రాదు.

నోరు లేని గార్డు ఉండి ఉపయోగం లేదు. మా వైపు ఇదో చిక్కు. పదో తరగతి కుర్రాడు గార్డు, డిగ్రీ ఆఖరేడు చదివే అన్న రింగు కింద ఆడే సెంటరు. ఇంటి దగ్గర ఎదురుపడితే తల దించుకుని పక్కకి తప్పుకునే కుర్రాడు కోర్టులో వాణ్ణి పైకి రమ్మనాలి, కిందకి పొమ్మనాలి. "అన్నా, కొంచెం పైకొస్తావా" అనేసరికి ఎదుటి జట్టు రెండు పాయింట్లు వేసేసేది. మర్యాద పోకూడదు, మాటా పొడుగు కాకూడదు. అందుకని "అన్నా పైకి!" దగ్గర తేలేది. పేర్లూ అంతే. సత్యనారాయణమూర్తి సత్తి అయ్యేవాడు. భీమవరం జట్టులో "రాజూ!" అంటే ముగ్గురు తిరిగేవారు. అప్పుడు బనీను నంబర్లే శరణ్యం. ఆ రోజుల్లో నంబర్లు 4 నుంచి 15 దాకా ఉండేవి. రిఫరీ వేళ్లతో చూపించే ఒకటి, రెండు, మూడు పాయింట్లతో కలిసిపోకుండా ఆ ఏర్పాటు. "ఏడు కట్! తొమ్మిది స్క్రీన్!" అనడం అందరికీ అలవాటైపోయింది. కట్ అంటే రింగు వైపు దూసుకెళ్లడం, స్క్రీన్ అంటే మనవాణ్ణి కాసేవాడి దారికి అడ్డం నిలబడటం. గార్డు చెప్పాల్సింది కూడా ఎక్కువేం ఉండదు: ఎవరు కదలాలి, ఎటు, ఎంత టైముంది. "ఆడండ్రా, కొట్టండ్రా" అనే అరుపులు గట్టు మీద కూర్చున్నవాళ్లు ఎలాగూ అరుస్తారు.

2000 దాకా నియమాలు వేరు. 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, షాటుకి 30 సెకన్లు, సగం గీత దాటడానికి 10. ఆ ఏడాది తర్వాత 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, 24 సెకన్లు, 8 సెకన్లు అయ్యాయి. మా కోర్టుల్లో బోర్డు మీద కనపడే గడియారం ఎక్కడిది? టేబుల్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని ఒకాయన కూర్చునేవారు, అంతే. అందుకని గార్డు లోపల్లోపల లెక్కపెట్టుకోవాలి. దీనికి సాధన విడిగా చేయించేవారు: కళ్లు మూసుకుని డ్రిబుల్ చేస్తూ 24 అయ్యాయనుకున్నప్పుడు బంతి పట్టుకోవాలి. మొదట్లో అందరూ పదిహేడు పద్దెనిమిదికే ఆగిపోతారు. ఆయాసంలో లెక్క ఇంకా ముందుకు పరుగెడుతుంది. అందుకే అలిసిపోయాక ఇంకోసారి చేయించాలి. ఎలక్ట్రానిక్ గడియారం చూసుకునే ఇప్పటి పిల్లలకి ఇది అక్కర్లేదనుకుంటారు గానీ, గడియారం వంక తిప్పిన చూపు ఆటగాళ్ల మీద ఉండదు కదా.

ప్రెస్ చేసేవాళ్ల మీద, అంటే కోర్టంతా మీదపడి కాసేవాళ్ల మీద, బంతి తీసుకెళ్లడమే గార్డుకి అసలు పరీక్ష. ఇద్దరు మీదికొచ్చి మూలకి తోస్తారు. పక్క గీత, సగం గీత, ఈ రెండూ వాళ్లకి అదనపు ఆటగాళ్లు. అన్నిటికన్నా పాడు చోటు సగం గీత దాటిన వెంటనే ఉండే మూల. వెనక్కి పోతే వయొలేషన్ (నియమం తప్పినట్టు), పక్కకి పోతే ఔట్. కాబట్టి గీతని కోర్టు మధ్య మూడో వంతులోనే దాటాలి. ఇద్దరు వస్తున్నారని తెలియగానే డ్రిబుల్ ఆపకూడదు. బంతి చేత పట్టుకుంటే, మీటరు లోపు మనిషి మీదుంటే, ఐదే సెకన్లు. రెండు డ్రిబుల్స్ వెనక్కి వేసుకుంటూ పోతే వాళ్లిద్దరి మధ్యా సందు వస్తుంది, లేదా మధ్యలో మనవాడు ఖాళీగా కనిపిస్తాడు. వెనక్కి డ్రిబుల్ చెయ్యడం పిరికితనం అనుకునే కుర్రాళ్లే బంతి ఎక్కువ పోగొట్టేవారు.

పిక్ అండ్ రోల్ (ఒకడు స్క్రీన్ పెట్టి, వెంటనే రింగు వైపు దూసుకుపోయే ఎత్తు) మా వైపు ఆలస్యంగా వచ్చింది గానీ ఇప్పుడు అదే సగం ఆట. స్క్రీన్ పెట్టేవాడు పూర్తిగా నిలబడేదాకా ఆగాలి. తొంభై శాతం తొందర ఇక్కడే. కదిలే స్క్రీన్ అయితే ఫౌలు మనవాడి మీద పడుతుంది. మన భుజం వాడి తుంటికి రాసుకుంటూ పోవాలి, మధ్యలో చెయ్యి పట్టేంత సందున్నా మనల్ని కాసేవాడు దూరిపోతాడు. ఆ తర్వాత చూడాల్సింది ఎదుటివాళ్లు ఏం చేశారన్నదే. మనల్ని కాసేవాడు స్క్రీన్ వెనక నుంచి వస్తే ఆగి షాటు కొట్టాలి. మన వెంటే పైనుంచి వస్తే రింగు వైపు పోవాలి. పొడుగువాడు ఎదురొస్తే రెండు డ్రిబుల్స్ వెనక్కి లాగి, వాడి పక్క నుంచి దూసుకుపోయే మనవాడికి నేల పాసు వెయ్యాలి. మనుషుల్ని మార్చుకుంటే ఆ పొడుగువాణ్ణి మూడు పాయింట్ల గీత బయటికి లాక్కురావాలి. నాలుగే సమాధానాలు, కానీ ఎంచుకోవడానికి అర సెకను కూడా ఉండదు.

ఫాస్ట్ బ్రేక్ గురించి ఒక్కటే. ఇద్దరు వెళ్తే ఎదురుగా ఒక్కడే ఉన్నప్పుడు, వాడు కదిలేదాకా పాసు ఇవ్వకూడదు. వాడు మన మీదికి రాకుండా మధ్యలో ఊగుతుంటే మనమే రింగు దగ్గరికి పోయి లేఅప్ వేసెయ్యాలి. ముందే ఇచ్చేస్తే వాడు హాయిగా రెండోవాడి మీదికి పోతాడు.

ఒంటి సంగతి. డెల్టా ఉక్కలో చెమట ఆరదు, చేతులు జారతాయి. నిక్కరుకి రుమాలు దోపుకోవడం అందరూ చేసేదే. మాస్టర్లు చేయించే లైన్ పరుగు ఇది: బేస్‌లైన్ నుంచి దగ్గరి ఫ్రీ త్రో గీతకి 5.8 మీటర్లు వెళ్లి రావడం, సగం గీతకి 14, అవతలి ఫ్రీ త్రో గీతకి 22.2, అవతలి బేస్‌లైన్‌కి 28. రానూపోనూ మొత్తం 140 మీటర్లు. 30 సెకన్లలో ముగించి, ఆ ఆయాసం మీదే రెండు ఫ్రీ త్రోలు (ఫౌలుకి బదులుగా దొరికే అడ్డులేని షాట్లు). ఆఖరి నిమిషంలో ఫౌలు చేసేది బంతి పట్టుకున్నవాణ్ణే, అంటే గార్డునే. నాష్ ఫ్రీ త్రోలు ఎన్‌బీఏ కెరీర్ మొత్తమ్మీద 90 శాతానికి పైగా పడ్డాయి. తాగడానికి ఉప్పేసిన పల్చటి మజ్జిగకి మించింది లేదు, కొబ్బరిబోండం మ్యాచి అయ్యాక. సిమెంటు మీద పల్చటి కాన్వాసు బూట్లతో రోజూ ఎగిరితే మోకాళ్లూ కాలి ముందెముకా పోతాయి. తాడాట మట్టి మీదే ఆడించాలి. ఈ విషయంలో అప్పటి మాస్టర్లు చాలామంది పొరపాటు చేశారనే చెప్పాలి, మోకాళ్లు పట్టుకుని కూర్చున్న అప్పటి ఆటగాళ్లు డెల్టాలో తక్కువేం లేరు.

షాటు లేకపోతే గార్డుని ఎవరూ కాయరు. దూరంగా జరిగి పాసు దారులు మూసేస్తారు. అందుకని 5 మీటర్ల లోపు ఆగి కొట్టే షాటు ఒకటి తప్పనిసరి. మా కోర్టుల్లో గాలి లెక్క కూడా ఉండేది. సాయంత్రం ఎండ కళ్లలో పడకుండా కోర్టులు ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. వేసవి సాయంత్రాల పైరగాలి దక్షిణం నుంచి వస్తుంది. కాబట్టి దక్షిణం రింగు వైపు కొట్టే దూరం షాటు ఎదురుగాలికి ముందే పడుతుంది, ఉత్తరం రింగు వైపు కొట్టేది దాటిపోతుంది. తెలిసిన గార్డు దక్షిణం వైపు ఆడే సగంలో బంతిని లోపలికి తీసుకెళ్లేవాడు, లేదా పక్క నుంచి బోర్డుకి తగిలించేవాడు. ఉత్తరం వైపు వచ్చినప్పుడు షూటర్లకి "కాస్త తగ్గించి కొట్టు" అని చెప్పేవాడు. గాలి పడే గంట చూసి ఆడే ఆట అది.

ఆఖరి నిమిషానికి గార్డు బుర్రలో నాలుగు సంగతులుండాలి: స్కోరు, మిగిలిన సమయం, మిగిలిన టైమవుట్లు, ఎదుటి జట్టు ఫౌళ్లు. క్వార్టర్లో వాళ్లకి నాలుగు ఫౌళ్లు అయిపోతే ఐదో దానికి మనకి రెండు ఫ్రీ త్రోలు, కాబట్టి బయట నిలబడి షాటు కొట్టడం దండగ, లోపలికి పోవాలి. స్కోరు సమంగా ఉండి 24 సెకన్లలోపే మిగిలితే, సగం గీత దగ్గర డ్రిబుల్ చేస్తూ ఎనిమిదో తొమ్మిదో సెకన్లున్నప్పుడు కదలాలి. పన్నెండున్నప్పుడు కదిలి కొడితే ఎదుటివాళ్లకి ఇంకో దాడి మిగులుతుంది. నాలుగున్నప్పుడు కదిలితే రీబౌండు (తప్పి తిరిగొచ్చిన బంతి) మీద రెండో షాటుకి మనకి టైముండదు. ఒకటి వెనకబడి ఉంటే ఇంకాస్త ముందే కదలాలి, తప్పితే ఫౌలు చేసి బంతి తిరిగి తెచ్చుకోవడానికి. ఇవన్నీ టైమవుట్‌లో మాస్టారు చెబుతారని ఎదురుచూస్తే కుదరదు. మా వైపు మ్యాచిల్లో ఆ వేళకి గట్టు మీద జనం కోర్టు గీత దాకా వచ్చేసేవారు. మాస్టారి మాట వినపడదు, స్టాప్‌వాచ్ ఆయన కూడా లేచి నిలబడి ఆటే చూస్తుంటారు. టేబుల్ పక్కకి వెళ్లి "ఎంతుందండీ" అని అడిగి, ఆయన చెప్పినదానికి రెండు సెకన్లు తగ్గించుకుని ఆడాలి.